పది అంకెలు, పది పిరోగీలు

ఒరీస్యా ప్రిస్తూపా ఎవరింటికి వెళ్ళినా, బయలుదేరతానని లేచాక గుమ్మం దగ్గర ఇంకో అరగంట నిలబడుతుంది. కెనడాలోని యార్క్‌టన్‌లో అందరూ అంతే. కాకపోతే ఈవిడ ఒక ఆకు ఎక్కువే చదివింది. జుట్టు కత్తిరించే మనిషిని మార్చినప్పుడు పాత ఆవిడకి బీట్‌రూట్ ఊరగాయ సీసా పట్టుకెళ్ళి, "నీ తప్పేం లేదమ్మా, కొత్త కొట్టు మా ఇంటికి దగ్గర, అంతే" అని చెప్పి మరీ వచ్చింది. పళ్ళ డాక్టరును మార్చినప్పుడు ఆ పాత డాక్టరుకి ఒక రొట్టె ఇచ్చి వచ్చింది. చెప్పకుండా వెళ్ళిపోవడం ఆమె లెక్కలో దొంగతనంతో సమానం.

ఆమెకి అరవై మూడేళ్ళు. ఊళ్ళో మంచు మీద రాళ్ళు జరిపే ఆట ఆడే కర్లింగ్ రింక్ ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ రింక్ వంటగదిలో బంగాళదుంపలు వేయిస్తోంది, సూప్ కాస్తోంది. మధ్యమధ్యలో చర్చి వాళ్ళకీ పెళ్ళిళ్ళకీ అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు, దుంప కూరిన పిరోగీలు చేసి ఇస్తుంది. భర్త నెస్టర్ ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు. రోజుకి పాతిక మాటలు మాట్లాడితే అందులో పది కుక్కతోనే.

ఆ ఇంట్లోంచి చెప్పకుండా వెళ్ళిపోయినది ఒక్క దార్కానే. ఒక్కగానొక్క కూతురు. పదకొండేళ్ళ క్రితం రెజీనా నగరంలో ఉద్యోగమని వెళ్ళింది. నడుం నొప్పికి ఇచ్చిన మత్తు మాత్రలు నొప్పి పోయాక కూడా మింగుతూనే ఉంది. తర్వాత కథ ఊరందరికీ తెలుసు, సగం ఇళ్ళలో అలాంటి కథ ఒకటుంది కాబట్టి ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. ఆఖరిసారి ఇంటికొచ్చినప్పుడు నెస్టర్ "బాగుపడితే రా, లేకపోతే రాకు" అన్నాడు. మర్నాడు పొద్దున్న చూస్తే మంచం ఖాళీ. చీటీ లేదు, వెళ్ళొస్తానన్న మాట లేదు.

అప్పటినుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోన్ వస్తుంది. ప్రతిసారీ వేరే నంబరు నుంచి, ఎవరినో బతిమాలి తీసుకున్న ఫోను. తిరిగి చేస్తే ఎవరో ఎత్తి మాకేం తెలియదంటారు.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"బంగాళదుంపలు వేయిస్తున్నా."

"ఇంకా అవేనా?"

"ఇంకా అవే. తిన్నావా?"

"తిన్నాలే. నాన్న?"

"ఉన్నాడు."

అంతే. ఎక్కడున్నావని అడగకూడదు. ఒకసారి నోరు జారి అడిగితే పద్నాలుగు నెలలు ఫోన్ రాలేదు.

దార్కా దగ్గర సంచి నిలవదు, ఫోన్ నిలవదు, కాగితం ముక్క నిలవదు. తలలో అమ్మ ఫోన్ నంబరొక్కటే నిలిచింది. ఐదేళ్ళప్పుడు వంటింటి బల్ల దగ్గర తల్లే నేర్పింది. పిండి బిళ్ళలో బంగాళదుంప కూరి, అంచులు కలిపి, కజ్జికాయ నొక్కినట్టు వేళ్ళతో నొక్కుతూ ఒక్కో పిరోగీకి ఒక్కో అంకె. పది పిరోగీలయ్యేసరికి నంబరు పూర్తి. అప్పట్లో అది ఇంటి ఫోన్ నంబరు. తీగ ఫోను తీసేసినప్పుడు ఒరీస్యా అదే నంబరును సెల్‌ఫోనుకి మార్పించుకుంది. ఇల్లు అమ్ముదామని నెస్టర్ రెండుసార్లన్నాడు, సరేనంది. నంబరు మారుద్దామంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

పోయిన శరదృతువులో రింక్‌ని కొత్తగా కట్టారు. వంటగదిని ప్రేక్షకుల మెట్ల కిందికి దించారు. చుట్టూ కాంక్రీటు. ఆమె ఫోన్ కంపెనీ సిగ్నలు ఆ గోడల్లోకి చొరబడేది కాదు. నవంబరులో ఒక మధ్యాహ్నం చెత్త పారేయడానికి బయటికొస్తే ఫోను ఒక్కసారి గుర్రుమంది. తెలియని నంబరు నుంచి తప్పిపోయిన పిలుపు. ఏడు సెకన్ల సందేశం. అందులో కార్ల చప్పుడు, ఒక ఊపిరి, ఇంకేం లేదు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

పక్కన ఉల్లిపాయలు తరిగే పెర్ల్ ఊరుకోలేదు. "నా ఫోన్ చూడు, ఇక్కడే కూర్చుని మా చెల్లెలితో గంట మాట్లాడుతున్నా. నువ్వు ఆ కంపెనీని పట్టుకుని వేలాడుతున్నావ్, పెళ్ళాడావా ఏంటి?"

మర్నాడే ఒరీస్యా మాల్‌లో పెర్ల్ వాళ్ళ కంపెనీ కొట్టుకి వెళ్ళింది. అక్కడ మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంటుంది. నంబరు అదే ఉంటుందా అని ఒరీస్యా నాలుగుసార్లు అడిగింది.

"అదే ఉంటుంది మేడమ్. కంపెనీ మారుతుంది, నంబరు మారదు. మీ కొత్త ఫోను గురువారం వస్తుంది, అప్పుడు పాత బిల్లు పట్టుకుని రండి. నేను ఇక్కడ నొక్కగానే మీ పాత ఫోనుకి మెసేజ్ వస్తుంది, గంటన్నరలోపు అవునని జవాబివ్వాలి. అప్పటిదాకా మీరేమీ చేయకండి. అంతా నేను చూసుకుంటా."

ఏమీ చేయకండి అంటే ధన్యవాదాలు కూడా చెప్పకండని అర్థమని ఒరీస్యాకి తోచలేదు.

బుధవారం పాత కంపెనీకి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు వాళ్ళ పాట విన్నాక ఒక కుర్రవాడు దొరికాడు. పేరడిగింది, బ్రేడన్ అన్నాడు. అక్కడ మంచు పడుతోందా అని అడిగింది, పడుతోందన్నాడు.

"ఏం లేదు బాబూ, ఇన్నేళ్ళూ మీరు నన్ను బాగా చూసుకున్నారు. రేపు వేరే కంపెనీకి వెళ్తున్నా. చెప్పకుండా వెళ్తే బాగోదని."

"అయ్యో, ఎంత మంచివారండీ! ఇలా ఎవరూ చెప్పరు. వెళ్ళేవాళ్ళంతా తిట్టే వెళ్తారు. అయితే మీ ఖాతా మూసేయమంటారా?"

"నీకు శ్రమ లేకపోతే."

"శ్రమేముందండీ, ఒక్క నిమిషం."

మంచికి పోతే చెడు ఎదురైందంటారు. ఇక్కడ చెడు దానంతటది ఎదురు రాలేదు, ఆవిడే నలభై నిమిషాలు లైన్లో ఉండి మరీ పిలిచింది.

గురువారం మారిసెల్ వివరాలన్నీ ఎక్కించి, మెసేజ్ కోసం చూసింది. రాలేదు. ఒరీస్యా చేతిలోంచి పాత ఫోను తీసుకుంది. సిగ్నలు గీతలుండే చోట ఏమీ లేదు.

"మేడమ్, మీరు వాళ్ళకేమైనా ఫోన్ చేశారా?"

"చేశా. థ్యాంక్స్ చెప్పడానికి."

"థ్యాంక్స్ ఒక్కటేనా?"

"మూసేయనా అన్నాడు. సరే అన్నా. రేపెలాగూ నీ దగ్గరికి వచ్చేస్తున్నా కదా."

మారిసెల్ పాత ఫోనుని కౌంటరు మీద పెట్టింది. "బతికున్న నంబరునే మేము తీసుకోగలం మేడమ్" అంది.  వాళ్ళకీ వీళ్ళకీ తనే ఫోన్లు చేసింది, భోజనం మానేసి చేసింది. తర్వాత ఒరీస్యా తొమ్మిదిసార్లు చేసింది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఖాతాదారు కోరిక మీదే మూసేశామన్నారు. వెనక్కి తేలేమన్నారు. కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి ఇంకెవరికో ఇస్తారట, ఎవరికన్నది చెప్పరట. మారిసెల్ కొత్త నంబరొకటి ఇచ్చింది. చాలా సులువైన నంబరు మేడమ్, ఇట్టే గుర్తుంటుంది అంది. గుర్తుండాల్సినది తనకి కాదని ఒరీస్యా ఆ పిల్లకి చెప్పలేదు.

సాయంత్రం భోజనం దగ్గర నెస్టర్‌కి చెప్పింది. అతను ఫోర్కు కింద పెట్టాడు.

"థ్యాంక్స్ చెప్పావా?"

"చెప్పా."

"వాడేమన్నాడు?"

"ఎంత మంచివారండీ అన్నాడు."

నెస్టర్ ఫోర్కు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తినడం ముగించి లేచి, తన పళ్ళెం తనే కడిగాడు. తర్వాత ఆమెదీ కడిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అదెప్పుడూ జరగలేదు. ఒరీస్యా కూర్చుని చూసింది. ఏడుపొస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. చలికి తిమ్మిరెక్కిన చేతిని ఇంకెవరి చేతినో చూసినట్టు చూస్తాం, ఆమె తనని తాను అలా చూసుకుంది.

శీతాకాలమంతా అలాగే గడిచింది. పనికి వెళ్ళింది, దుంపలు వేయించింది, జనం నవ్వితే నవ్వింది. కొత్త ఫోనుకి ఆ మెట్ల కింద సిగ్నలు బ్రహ్మాండంగా వచ్చేది. ప్రతి నెలా మొదటి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, ఖాళీ సమయంలో, తన పాత నంబరుకి తనే ఫోన్ చేసేది. ఈ నంబరు ఉపయోగంలో లేదని ఒక గొంతు చెప్పేది. చివరిదాకా వినేది. ఒకసారి అలవాటుకొద్దీ ఆ గొంతుతో "సరేనమ్మా" అంటే పెర్ల్ వినీ విననట్టు ఉల్లిపాయల మీదికి వంగింది.

ఏప్రిల్‌లో మొదటి మంగళవారం చేస్తే, ఆ గొంతుకి బదులు అవతల ఫోను మోగింది. మూడోసారి మోగాక ఒక ముసలాయన ఎత్తాడు.

"ఏదమ్మినా నాకు అక్కర్లేదు, ముందే చెప్తున్నా."

"అమ్మడానికి కాదండీ. ఈ నంబరు ఇదివరకు నాది."

"ఓహో, నువ్వేనా తల్లీ! నా పేరు ఎల్డన్. కామ్‌సాక్ దగ్గర పొలం. పోయిన నెలలో మా మనవరాలు కొనిచ్చింది ఈ దరిద్రాన్ని. అప్పట్నుంచీ నాకు క్యాబేజీ చుట్టల ఆర్డర్లే ఆర్డర్లు. మొన్న ఒకావిడ ఎనభై అడిగింది. ఎవరి పెళ్ళెప్పుడో నాకిప్పుడు నోటికొచ్చు."

"క్షమించండి. నాకోసం... ఇంకెవరైనా చేశారా? ఒకమ్మాయి?"

ఎల్డన్ కాస్త ఆలోచించాడు. "చేసింది. విత్తనాలతను వచ్చిన రోజున. పది రోజులైంది. అమ్మా, అంది. రాంగ్ నంబరమ్మా అన్నా. నంబరంతా ఒక్కో అంకె చదివి, ఇదేనా అంది. ఇదే, కానీ మీ అమ్మ ఇక్కడ లేదు తల్లీ అన్నా."

ఒరీస్యా గోడకి ఆనుకుంది.

"పాపం, సారీ అండీ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టా, థ్యాంక్స్ అని పెట్టేసింది. ఎంత మర్యాదస్తురాలో. ఎవరు పెంచారో గానీ బాగా పెంచారు."

"నేనే పెంచా" అంది ఒరీస్యా.

 ఒరీస్యాకి రెండు సంగతులే తెలుసు. దార్కా పది రోజుల క్రితం బతికుంది. అమ్మ లేదనే మాట కూడా విన్నది. ఈ రెండిట్లో ఏది ముందు తలుచుకోవాలో ఆమెకి తెలియలేదు.

"ఆ అమ్మాయి చేసిన నంబరేమైనా ఉందా అండీ?"

"ఇందులో ఎక్కడుంటుందో నాకు తెలియదమ్మా. ఆదివారం మా మనవరాలొస్తే వెతికించి చెప్తా."

అది మళ్ళీ ఎవరి ఫోనో అయ్యుంటుందని ఒరీస్యాకి తెలుసు. అయినా సరేనంది.

"ఉండు, నీ కొత్త నంబరు చెప్పు. క్యాలెండరు మీద రాస్తా. మళ్ళీ చేస్తే ఇస్తా. ఆ అమ్మాయి పేరేమిటి?"

"దార్కా." ఆ పేరు పైకి పలికి చాలా రోజులైంది. 

ఒరీస్యా నంబరు చెప్పడం మొదలుపెట్టింది, ఒక్కో అంకె, నెమ్మదిగా. ప్రతి అంకెకీ వేళ్ళు ఏప్రన్ అంచుని ఒక నొక్కు నొక్కుతున్నాయి. ఎల్డన్ తిరిగి చదివినప్పుడు రెండంకెలు తారుమారు చేశాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి పదీ సరిగ్గా చదివాడు.

"నంబరు ఇస్తా సరే. ఇంకేమైనా చెప్పమంటావా?"

రావచ్చని చెప్పమందామనుకుంది. నాన్న రమ్మంటున్నాడని చెప్పమందామనుకుంది. అది నిజమో కాదో ఆమెకి తెలియదు. నూనె మూకుడు దగ్గర్నుంచి పెర్ల్ ఆమె వంకే చూస్తోంది.

"అమ్మ ఇంకా బంగాళదుంపలే వేయిస్తోందని చెప్పండి."

"బంగాళ... దుంపలే..." అని కూడబలుక్కుంటూ ఎల్డన్ క్యాలెండరు మీద రాసుకోవడం వినిపించింది.