కండక్టరమ్మ కాళ్లు పట్టుకోదు

మా పిన్ని మొహం బయట ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం ఇంటింటికీ తెలుసు. రోజూ సాయంత్రం వచ్చే సీరియల్లో బస్సు కండక్టరు వేషం వేసే నటికి మన భాష రాదు. ఆవిడ పెదవులు కదిపితే, డబ్బింగ్ గదిలో పిన్ని పలికేది. కొట్టుకెళ్లి "ఉల్లిపాయలెలా?" అని అడిగితే చాలు, కొట్టతను "చిల్లరుందమ్మా, బస్సు దించెయ్యకండి" అని చేతులు జోడించేవాడు.

ఆ కండక్టరమ్మది పెద్ద నోరు. కానీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు, ఎవరి ముందూ తల వంచలేదు. మొగుడు వదిలేసినా, ఉద్యోగం ఊడినా మాటతోనే నెగ్గుకొచ్చింది. పిన్నికి ఆవిడ తోడబుట్టినదాని కింద లెక్క.

సీరియల్ బాగా ఆడుతోందని దాన్నే సినిమాగా తీశారు. పిన్ని సంబరంగా స్టూడియోకి వెళ్లింది. సగం సినిమా దాకా అంతా సవ్యంగానే సాగింది. ఆ తర్వాత తెర మీద కండక్టరమ్మ బస్సుల యజమాని కాళ్ల మీద పడి, "ఆడదాన్ని, తెలియక వాగాను, క్షమించండి బాబూ" అంటోంది.

పిన్ని చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఈవిడెవరండీ?"

"అదేంటమ్మా, మన కండక్టరమ్మేగా!" అన్నాడు దర్శకుడు అద్దం అవతల నుంచి.

"మన కండక్టరమ్మ ఇలా అనదు."

"సీరియల్ వేరు, సినిమా వేరు. ఇక్కడే హీరో వచ్చి ఆవిడని లేపుతాడు."

"ఓహో! ఆయన లేపడానికి ఈవిడ పడాలా?"

"మనిషన్నాక మారకూడదా అమ్మా?"

"ఎందుకు మారకూడదు? బిడ్డ ప్రాణం మీదకొస్తే నేనూ పడతాను, ఎవరి కాళ్ల మీదైనా. ఆ ముక్క ఎక్కడ చూపించారు? నిన్నటిదాకా నిటారుగా నిలబడ్డ మనిషి ఇవాళ ఎందుకు కూలిందో చెప్పండి, మీరు ఆపమనేదాకా ఏడుస్తాను."

దర్శకుడు వాచీ చూసుకున్నాడు. "గొంతు మీది. పాత్ర మాది. కానివ్వండి."

పిన్ని సంచి భుజాన వేసుకుని బయటికొచ్చేసింది.

ఇంట్లో బాబాయి సింకు కింద దూరి, కారుతున్న పైపు బిగిస్తున్నాడు. సంగతి విని తల బయటపెట్టాడు. "పంతానికి పోయి పని పోగొట్టుకున్నావా?"

"పంతమా? ఒళ్లు మండిపోతోంది! ఇన్నేళ్లూ పెంచిన మనిషిని పట్టపగలు మార్చేసి, అదే పేరుతో పిలవమంటున్నారు!"

సినిమా వేరే గొంతుతో విడుదలైంది. బ్రహ్మాండంగా ఆడింది. పిన్ని ఆడపడుచు చూసొచ్చి, చెప్పులైనా విప్పకుండా మొదలెట్టింది. "కాళ్లు పట్టుకునే చోట బావురుమన్నాను వదినా. గొంతు మారిందన్న ధ్యాసే లేదు."

దర్శకుడి మాటకన్నా ఆ మాట పిన్నికి ఎక్కువ తగిలింది. "మరి ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని చూసిందేంటి? ఆవిడ అలా చేస్తుందనిపించిందా నీకు?"

"ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఏడ్చేముందు సాక్ష్యం అడుగుతామా?"

అంతటితోనైనా ఆగలేదు. సీరియల్‌కి ఇంకా పిన్నే గొంతు ఇస్తోంది; తర్వాతి వారం ఆ డైలాగు కాగితాల్లోనూ కండక్టరమ్మ ఏడుపు మొదలెట్టింది. పిన్ని రచయిత్రిని నిలదీసింది. ఆవిడ గొంతు తగ్గించి, "సినిమా ఆడింది కదండీ, ఇక అలాగే రాయమన్నారు. నాకు మాత్రం ఇష్టమా?" అంది.

"మీకూ ఇష్టం లేదు, నాకూ లేదు. మరి ఇది ఎవరి కోసం?" అని పిన్ని ఆ కాగితాలు బల్ల మీద పెట్టేసింది. మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు పిల్లల కార్టూన్లో ఒక ఆడ మొసలికి గొంతు ఇస్తోంది. ఆ పని నచ్చింది కూడా. కానీ సాయంత్రం పక్కింట్లోంచి కండక్టరమ్మ ఏడుపు వినబడగానే విసురుగా లేచి, కిటికీ దభాలున మూసేస్తుంది.

"కాస్త గాలి రానివ్వవే," అంటాడు బాబాయి.

"ఉక్కపోతైనా భరిస్తాను గానీ, ఆ దొంగ ఏడుపు నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు," అంటుంది పిన్ని.