బొమ్మ కింద కొలత

మణికొండ ఫ్లాటుకి వచ్చిన ఏడాదే మా ఆయనకు చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి ఆయన పోగుచేసుకున్న మ్యూజియం బొమ్మల పుస్తకాలు నేనే చదివి వినిపించేదాన్ని. పుస్తకంలో అత్తరు బుడ్డీ, నిలువెత్తు కూజా ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. అందుకని బొమ్మ కింద రాసిన ఎత్తు చదివి, టేపుతో కొలిచి, ఆయన అరచేతుల మధ్య సరిగ్గా అంత ఎడం పెట్టేదాన్ని.

"ఇంకాస్త దగ్గరికండీ. అర సెంటీమీటరు ఎక్కువైంది."

"అంతమాత్రానికి కూజా పగిలిపోదులేవే," అంటూనే చేతులు జరిపేవారు. నేను పేజీ తిప్పేదాకా వాటిని అలాగే ఉంచేవారు.

మార్చి తొమ్మిదిన ఆయన పోయారు. బిద్రీ వస్తువుల పుస్తకం సగంలో ఆగిపోయింది. దాన్ని పూర్తి చేయమని ఆసుపత్రిలో కూడా అడిగారు.

నిన్న మా అమ్మాయి ఆఫీసుకి వెళ్లాక ఆ పుస్తకం తెరిచాను. వెండి పువ్వులు పొదిగిన నల్లటి హుక్కా కుండ. ఎత్తు పదిహేడు సెంటీమీటర్లు. బల్ల మీద కొలిచి, ఆ ఎడానికి రెండు వైపులా నా అరచేతులు నిలబెట్టాను. పేజీ తిప్పాలంటే ఒక చేయి తీయాలి. చాలాసేపు తీయలేకపోయాను.