ఐస్‌లాండ్‌లో అత్తయ్యగారి చుక్క

అంత దూరం వెళ్ళి, కళ్ళు చెదిరే జలపాతానికి వీపు తిప్పి కూర్చుని, గంటన్నరపాటు ఫోన్లో ఆత్రేయపురం ఆకాశాన్ని చూసిన ఘనుడు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు, మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో నవ్వేశారు.

నేను రాజమండ్రిలో లెక్కల లెక్చరర్ని. పక్కనే ఉన్న కోరుకొండ గుడి మెట్లెక్కి రావడానికి కూడా కాగితం మీద టైము రాసుకునే మనిషిని. అలాంటివాడి చేతికి ఐస్‌లాండ్ దొరికితే ఊరుకుంటాడా? నాలుగు నెలలు కూర్చుని ఎక్సెల్ షీటు తయారుచేశాను. జలపాతాలకు నీలం గడులు, ఆకాశానికి ఎగజిమ్మే వేడినీటి బుగ్గలకు ఎర్ర గడులు, మంచు కొండలకు తెల్ల గడులు, నల్ల ఇసుక తీరానికి నల్ల గడి. చూడాల్సినవన్నీ ఉన్నాయి. ఎక్కడ ఎన్ని నిమిషాలు నోరు తెరిచి ఆశ్చర్యపోవాలో కూడా రాశాను.

ప్రయాణం ముగ్గురిది. నేను, మా ఆవిడ పద్మ, ఆత్రేయపురం నుంచి మా అత్తయ్యగారు సుభద్రమ్మగారు. ఆవిడ టీచరుగా రిటైరయ్యారు. ఊళ్ళు తిరగడమంటే మా ఇద్దరికంటే ఆవిడకే హుషారు.

"జూన్ మూడోవారంలో వెళ్దామండీ అత్తయ్యగారూ," అన్నాను.

"జూన్లోనే ఎందుకండీ అల్లుడుగారూ?"

"అప్పుడక్కడ చీకటే పడదండి! ఎనిమిది రోజుల్లో పదహారు రోజుల సరుకు చూసేయొచ్చు."

"మీ పరాచికాలు మీరూనూ! చీకటి పడకుండా ఎలా ఉంటుందండీ?" అని ఆవిడ నవ్వేశారు. నా తెలివికి నేనే మురిసిపోతూ నేనూ నవ్వాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పద్మకి చిన్నప్పుడు ప్రాణం మీదికొచ్చిన జ్వరం తగ్గాలని అత్తయ్యగారు వెంకన్నకి మొక్కుకున్నారు. ప్రతి శనివారం మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. సాయంత్రం చుక్క పొడిచాక, దాన్ని చూసి భోంచేస్తారు. ముప్పయ్యేళ్ళలో ఒక్క శనివారం కూడా తప్పలేదు. మబ్బు పట్టిన రోజుల్లో డాబా మీద గొడుగేసుకుని మరీ చుక్క కోసం కాచుకున్న మనిషి. ఇదంతా నాకు తెలుసు. ఆ శనివారం భోజనాలు నేనూ ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. అయినా నా షీటులో దానికి ఏ రంగు గడీ లేదు.

ఐస్‌లాండ్ చేరాక మొదటి మూడు రోజులు నా ప్లాను గడియారంలా నడిచింది. నాలుగో రోజు పొద్దున్న టిఫిను దగ్గర "బ్రెడ్డు తీసుకోండి అత్తయ్యగారూ" అన్నాను.

"ఈవేళ శనివారం కదండీ. చుక్క పొడిచాక తింటాను."

నా చేతిలో బ్రెడ్డు చేతిలోనే ఉండిపోయింది.

"ఏవండీ," అంది పద్మ నెమ్మదిగా, "ఇక్కడ చుక్క ఎప్పుడు పొడుస్తుంది?"

లెక్కల లెక్చరర్ని కదా, చటుక్కున చెప్పేశాను. "ఆగస్టులో."

పద్మ నావైపు చూసిన చూపు గురించి రాయను. "అది నా ప్రాణం కోసం మొక్కిన మొక్కండీ," అంది. "మీ నీలం గడుల కోసం అది తప్పిందంటే మాత్రం..." అని ఆపేసింది. పూర్తి చేసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"కంగారు పడకు. నా దగ్గర ఉపాయం ఉంది. అత్తయ్యగారు తినేదాకా నేనూ తినను!" అని శపథం చేసి బ్రెడ్డు పళ్ళెంలో పెట్టేశాను. ఉపాయం పది నిమిషాల్లో పని చేస్తుందనీ, బ్రెడ్డు వేడిగానే తినొచ్చనీ నా ధైర్యం.

ఆ ఉపాయం ఫోన్లో ఉంది. పట్టపగలు కూడా ఏ నక్షత్రం ఎక్కడుందో చూపించే యాప్. ఫోను ఆకాశానికి ఎత్తి, "ఇదిగోనండీ, స్వాతి నక్షత్రం! దర్శనం చేసుకోండి," అన్నాను.

అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇది బొమ్మ కదండీ. నేను ఫోన్లో పులిహోర బొమ్మ చూపిస్తే మీ కడుపు నిండుతుందా?"

నిండదు. ఆ సంగతి మధ్యాహ్నానికి నాకు బాగా తెలిసింది. అప్పటికి పెద్ద జలపాతం దగ్గర ఉన్నాం. అత్తయ్యగారు ఒక రాయి మీద చతికిలబడ్డారు. ఆ వాడిపోయిన మొహం చూస్తే నాకు నిజంగా సిగ్గేసింది. అరవై ఏడేళ్ళ మనిషిని ఇంత దూరం తెచ్చి పస్తు పెట్టాను.

కాసేపటికి ఆవిడే తలెత్తారు. "అల్లుడుగారూ, మనూళ్ళో ఇప్పుడు టైమెంతండీ?"

"ఏడూ పది."

"నేను మొక్కింది మా ఊరి ఆకాశం కింద కదా! అక్కడి చుక్క అయినా నా చుక్కే. మా వరానికి ఫోన్ చెయ్యండి, అది కళ్ళారా చూస్తే నేను చూసినట్టే."

వరం అంటే ఆవిడ తోడికోడలు వరలక్ష్మిగారు. వీడియో కాల్లో డాబా మీద ప్రత్యక్షమయ్యారు, గొడుగుతో సహా.

"అక్కయ్యా, ఇక్కడ ఒకటే వాన! చుక్క ఎక్కడినుంచి వస్తుందమ్మా?"

కాచుకున్నాం. ఆ రాయి దగ్గర తప్ప సిగ్నల్ లేదు, ఫోను మీద ఎండ పడకుండా జలపాతానికి వీపు తిప్పాలి. వచ్చిన జనమంతా అటు చూస్తుంటే మేం ముగ్గురం ఇటు చూస్తున్నాం. నా షీటులో ఎర్ర గడి దాటిపోయింది. నల్ల గడి కూడా దాటిపోయింది.

"అదిగో అక్కయ్యా, తెల్లగా! కనపడుతోందా?"

"అది వీధి లైటు కాదుటే వరం?"

"అయ్యో, అవునమ్మా!"

ఆత్రేయపురంలో ఎనిమిదీ నలభైకి మబ్బు విడింది. "పొడిచిందక్కయ్యా! నా కళ్ళతో చూశాను!" అని వరలక్ష్మిగారు అరిచిన అరుపుకి జలపాతం చూసేవాళ్ళంతా మావైపు తిరిగారు. ఫోన్లో అది ఆవగింజంత మెరిసింది. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకుని, పద్మ పొద్దున్నే కలిపి తెచ్చిన పులిహోర డబ్బా తెరిచి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సగం ఆకలికి, సగం ఆవిడ మంచితనానికి.

తిరిగొచ్చాక ఊళ్ళోవాళ్ళు అడిగారు, "అంత దూరం వెళ్ళి ఏం చూశారండీ?" అని.

"మనూరి చుక్క చూశానమ్మా! అక్కణ్ణుంచి చూస్తే ఎంత ముద్దొచ్చిందో," అన్నారు అత్తయ్యగారు. నేను తల దించుకుని కాఫీ తాగుతున్నాను.

"అయినా అల్లుడుగారూ, ఈసారి డిసెంబర్లో వెళ్దామండీ. అప్పుడక్కడ పొద్దున్న తొమ్మిదింటికి కూడా చుక్కలుంటాయటగా? శనివారం టిఫిన్ వేళకే భోంచేసేయొచ్చు!"

నాలుగు నెలలు కూర్చున్నా ఈ సంగతి నాకు తట్టలేదు. అందుకే గోదావరి తల్లి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఇంకెప్పుడూ ప్రయాణానికి ప్లాను వెయ్యను. ఇకమీదట మా ఇంట్లో ప్లాను అత్తయ్యగారిది, పెట్టెలు మోసే పని నాది.