కట్టేసిన చేతులు

నేను వార్డులోకి అడుగుపెడితే సెలైన్ చుక్కలు కూడా భయంతో వరుసలో పడతాయని తిరుపతి అంతా ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించింది నేనే. ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో నాకు తెలియనిది యముడి ఇంటి చిరునామా ఒక్కటే అనుకునేదాన్ని.

ఆ గర్వంతోనే ఒక అవ్వ చేతులు కట్టేశాను.

తిరుచానూరులో పూలమ్మిన మనిషి. కిడ్నీలు పోయాయి. ఇక ఒకటి రెండు రోజులేనని డాక్టరు కూతురికి చెప్పేశాడు. ఆ పొద్దుటి నుంచి అవ్వ వేళ్లు ఊరుకోలేదు. దుప్పటి అంచును గిల్లడం, లాగడం, మెలిపెట్టడం. రెండుసార్లు సెలైన్ సూది ఊడొచ్చింది. పోయేముందు కొందరు అలా పక్కబట్టలు పీకుతారని మాకు తెలుసు. బ్యాండేజీతో రెండు చేతులూ మంచం కమ్మీలకు కట్టాను. ఆ ముడి చూస్తే గుడి ఏనుగు కూడా లొంగిపోయేది.

అవ్వ అరవలేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు, అంతే.

కాఫీ తేవడానికి వెళ్లిన కూతురు వచ్చి చూసి, ఫ్లాస్కు నేల మీద పెట్టేసింది.

"ఎందుకు కట్టేసినావు సిస్టరూ? అమ్మ పూలు కడతా ఉండాది, కనపళ్లేదా? సూడు. రెండు పూలు పెడతాది, నార తిప్పతాది, ముడేస్తాది."

చూశాను. కట్లలోనూ వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. రెండు పూలు, ఒక తిప్పు, ఒక ముడి. పొద్దుటి నుంచి నా కళ్లెదుటే జరుగుతోంది.

కట్లు విప్పాను. ఆ సూదితో ఇక ఒరిగేదేమీ లేదని డాక్టరూ ఒప్పుకుంటే అదీ తీసేశాను. వార్డులోకి పూలు తేకూడదని రోజుకు వెయ్యిసార్లు అరిచే నోరు నాదే. దాన్ని మూసుకుని, కూతురు తెచ్చిన మల్లెమొగ్గలు, తడి అరటినార అవ్వ ఒళ్లో పెట్టాను.

నాలుగు ముళ్లు, ఒక కునుకు. మళ్లీ నాలుగు ముళ్లు. సాయంత్రానికి దండ అయింది. కొలవడానికి అవ్వ చెయ్యి ఎత్తబోయింది. లేవలేదు. నా మోచేతి నుంచి వేలి కొస దాకా దండ పరిచాను.

"మూర నిండింది, అవ్వా."

అవ్వ కళ్లు తెరిచి నా చెయ్యిని పరీక్షగా చూసింది.

"పొట్టి చెయ్యి మే నీది. నాకే లాభం."

కూతురు ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. అవ్వ మళ్లీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పోయింది. చేతులు విడిగానే ఉన్నాయి.

ఇప్పుడు ఎవరి చేతులు అలా కదిలినా, బ్యాండేజీతో కట్టేముందు ఇంటివాళ్లను అడుగుతాను, ఏం పని చేసేవారని. మొన్న ఒకాయన ఎడమ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడట. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, మలుపులన్నీ అయ్యేదాకా.