పాట ఆగిన దారి

సంపూర్ణమ్మ టీచరుకి కడుపు మండిపోతోంది. మండదూ మరి? కొవ్వూరు పక్కన వాళ్ల పేట క్రైస్తవులకి సమాధుల తోట దాకా దారి లేదు. ఆ దారి కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆవిడ. ఇవాళ జెనీవాలో మైనారిటీల హక్కుల మీద జరిగే సదస్సులో, చర్చి హాల్లోంచి వీడియోలో మాట్లాడేది మాత్రం వినీల. నిన్నగాక మొన్న లా పాసైన పిల్ల. పైగా విజయ్ పాల్ కూతురు. చనిపోయిన తన భర్తని సమాధికి సాగనంపేటప్పుడు మధ్యలో పాట ఆపేశాడని ఆ విజయ్ పాల్‌తో ఆవిడకి మాటల్లేవు.

"ముందు వరసలో కూర్చోండి టీచరుగారూ" అంది వినీల.

"నేనెక్కడ కూర్చుంటే ఏంటమ్మా. కనపడేది నువ్వేగా" అని వెళ్లి చివరి బెంచీ మీద కూలబడింది. ఆ పిల్లకి ఆ కొత్త చీరేంటి, ఆ సింగారమేంటి, పెళ్లివారింటికి బయల్దేరినట్టు.

తెర మీద దేశదేశాలవాళ్లు. వినీల ఇంగ్లీషు ఎక్కడా తడబడలేదు. అదీ గిట్టలేదు ఆవిడకి.

"కాలవ పొంగి, సమాధులకి నడిచే గట్లు మునిగాయి. గుండెల్లోతు నీళ్లలో శవపెట్టె మోశారు" అని చెబుతోంది వినీల. "మాలో ఇంటి దగ్గర ఎత్తిన పాట సమాధి దాకా ఆగకూడదు. ఆ రోజు ఆగింది."

సంపూర్ణమ్మ దిగ్గున లేచింది. ఆ పెట్టె తన భర్త శాంతికుమార్‌ది. ఆ ఏడుపు తనది. ఆఖరికి దాన్ని కూడా ఈ పిల్లే చెప్పుకుంటుందా? మైకు లాక్కుందామనే గబగబా నడిచింది.

"పెట్టె మోస్తూ పాడుతున్నది మా నాన్నగారు" అంది వినీల. "కాలు జారింది. పెట్టె నీళ్లలో పడకుండా భుజం మీదే ఆపుకున్నారు. భుజం విరిగి పాట ఆగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. వెనకెక్కడో ఉన్న టీచరుగారికి అది కనపడలేదు. తెలిస్తే బాధపడతారని నాన్నగారు ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇవాళ చెప్పమన్నారు."

సంపూర్ణమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. గుమ్మం పక్కన విజయ్ పాల్ తల వంచుకుని కూర్చున్నాడు.

మీకేం కావాలని అడిగింది తెర మీది పెద్దావిడ. వినీల మైకు టీచరు ముందుకి జరిపింది.

"రేపు పోయే వంతు నాకూ వస్తుందండి" అంది సంపూర్ణమ్మ తెలుగులోనే. "మోసేవాళ్లు పాడుకుంటూ నడిచే దారి కావాలండి. ఎవరి భుజమూ విరక్కూడదు."

వినీల దాన్ని ఇంగ్లీషులో చెబుతుంటే, ఒక్క మాటైనా పోతుందేమోనని చెవులు రిక్కించి విన్నది ఆవిడ. ఏదీ పోలేదు. తనకన్నా బాగానే చెప్పింది, పాడు పిల్ల.