ఇంజన్ లేని రైలులో పెళ్లిచూపులు

చేతికి మైకు దొరికితే చాలు, లోకమంతా మన మాటే వింటుందనుకునే వయసొకటి ఉంటుంది. నాకది డిగ్రీ అయిన కొత్తలో వచ్చింది. కిషన్‌బాగ్‌లో మా ఇంటికి కాస్త అవతల, ఎప్పుడో మూతబడిన నూలు మిల్లును బాగుచేసి, ఒకప్పుడు పత్తి బేళ్లు మోసిన బుల్లి రైలును జనాన్ని తిప్పడానికి పెట్టారు. పట్టాల మధ్య ఒక మనిషి కాళ్లు బారజాపి కూర్చోలేడు, అంత ఇరుకు. ఇంజన్‌కు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, మైకులో మిల్లు చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. డ్రైవర్‌ను అందరం హారన్ భాయ్ అనేవాళ్లం. ఇంజన్ల పక్కనే బతికి ఆయనకు చెవులు మందగించాయి. తనకు వినిపించేదాకా హారన్ కొట్టేవాడు.

ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. "పత్తర్‌గట్టిల బట్టల దుకానపోళ్లు ఇయ్యాల నీ రైలెక్కుతరు. పిలగాడు గూడ వస్తడు. నీకు తెల్వనట్టే ఉండు. మెల్లగ మాట్లాడు, తల దించుకో."

పట్టుచీర కట్టుకున్న ఒకావిడను చూసి, కాబోయే అత్తగారు ఈమేనని తేల్చేసుకున్నాను. ఆమెకు కిటికీ పక్క సీటిచ్చి, చున్నీ సర్దుకుని, తల దించి తేనెలాంటి గొంతుతో మొదలుపెట్టాను. మిల్లు వెనక మలుపులో కొక్కెం ఊడి ఇంజన్ ఒక్కటే వెళ్లిపోయిందట. (అది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని ఎవరూ నోరెత్తలేదు.) "మన రైలు ఎంత మెత్తగా నడుస్తుందో గమనించారా?" అన్నాను.

"గమనించిన గని బిడ్డా, ఇంజనేది?" అంది పట్టుచీర ఆవిడ.

వెనక్కి తిరిగితే ఖాళీ పట్టా. ఈల ఊదాను. దూరం నుంచి హారన్ భాయ్ జవాబిచ్చినట్టే సంతోషంగా హారన్ కొట్టాడు. చెట్టు నీడైనా లేని చోట, మిట్టమధ్యాహ్నం, పిల్లలు ఏడుపు అందుకున్నారు. నా తేనె గొంతు ఎటు పోయిందో! "మొగోళ్లందరు దిగుండ్రి! ఓ పెద్దాయనా, సమోసా తర్వాత తినొచ్చు, దిగి నూకు! ఓ అన్నా, అందరు అటు నూకుతుంటే నువ్వొక్కనివి ఇటు నూకుతున్నవేంది!"

నాలుగు గజాలు కదిలామో లేదో, వెనక నుంచి హారన్. పట్టా గుండ్రం కదా, హారన్ భాయ్ చుట్టూ తిరిగి మా వెనకే వచ్చి ఆగాడు. "హటో, హటో! రైలు వస్తున్నది, కనిపిస్తలేదా?"

"భాయ్, ఇది నీ రైలే!" అని మైకులో అరిచాను.

సాయంత్రం పెద్దమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పట్టుచీర ఆవిడ ఎవరో ఏమో. సమోసా ఆయన పిల్లాడి తండ్రి. ఇటు నూకినవాడే పిల్లాడు. "పిల్ల గొంతు మస్తు పెద్దదని వద్దన్నరు. ఇగ ఫికర్ చేసి ఫాయిదా లేదు." నేను చాలా ఏడ్చాను.

తర్వాతి ఆదివారం అతనొక్కడే టికెట్ కొనుక్కుని వచ్చాడు. అందరూ దిగేదాకా ఆగి, "ఒక్క మాట. ఇంకోసారి నన్ను అన్నా అనకుండ్రి" అన్నాడు. వాళ్ల నాన్నను ఒప్పించడానికి అతనికి వర్షాకాలమంతా పట్టింది.

మొన్న ఇద్దరం వెళ్లి ఆ రైలెక్కాం. ఇప్పుడు మైకు పట్టుకున్న అమ్మాయి కొత్తదనుకుంటాను. మధ్యలో ఒక మాట మరిచిపోయి నాలుక కరుచుకుంది. దిగేటప్పుడు ఆమెతో ఏదో చెప్పాలనిపించింది. నవ్వి, చేయి ఊపి వచ్చేశాను.