సెటోస్టియరిల్ బాబాయి

మా బాబాయి ఏ సీసా కనబడినా, ఏ ట్యూబు కనబడినా వెనక్కి తిప్పి, అందులో ఏమేం కలిపారో చివరి అక్షరం దాకా చదివితే గాని కింద పెట్టడు. అదీ పైకి చదవాలి. ఎవరిల్లయినా సరే.

ఆయన పనిచేసేది పైపూత మందుల ఫ్యాక్టరీలో. సెటోస్టియరిల్ ఆల్కహాల్ అని మైనం లాంటి తెల్లటి రేకులుంటాయి. వాటిని కరిగించి నూనెలో కలిపి, వేడినీళ్ళు పోస్తూ గిలక్కొట్టించడం ఆయన పని. అది లేకపోతే నూనె దారి నూనెది, నీళ్ళ దారి నీళ్ళది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పేరు తలవని పూట లేదు కాబట్టి మాకు ఆయన సెటోస్టియరిల్ బాబాయి. నోరు తిరగని పిల్లలకు స్టీలు తాత.

బాబాయి మా అక్క అత్తగారింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు, చేతులు కడుక్కొస్తానన్న మనిషి అరగంటైనా రాలేదు. అక్క మామగారు కంగారుగా బాత్‌రూమ్ తలుపు కొట్టారు.

“ఒంట్లో బాగానే ఉందా అండీ?”

“బ్రహ్మాండంగా ఉంది! మీ ఇంట్లో నాలుగు సీసాల్లో ఆల్కహాల్ ఉంది!” అని లోపల్నించి కేక.

మందు వాసన కూడా గిట్టని పెద్దమనిషి. “ఒరేయ్!” అని కొడుకు వైపు తిరిగారు. మా బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

“అబ్బే, తాగేది కాదండీ,” అంటూ బాబాయి తడిచేతులతో బయటికొచ్చాడు. “సీసా మొత్తం పూసుకున్నా నిషా ఎక్కదు.”

ఆనాటి నుంచి ఆయన వస్తున్నాడంటే అక్క సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేది. బాబాయి తాళంచెవి అడిగేవాడు.

పోయిన నెల చొక్కాలివ్వడానికి ఇస్త్రీ కొట్టుకెళ్ళాను. గోడకంటించిన కాగితం మీద బాబాయి చేతిరాత! బొటనవేలంత అక్షరాలతో, ‘వాడొచ్చు’ అన్నదాని కింద కొన్ని క్రీముల పేర్లు, ‘వద్దు’ కింద అంతకు పదింతలు.

“ఇదేంటక్కా?” అని ఇస్త్రీ చేసే ఆవిడనడిగాను.

ఇస్త్రీ అక్క పెట్టె పక్కన నిలబెట్టి అరచేతులు చాపింది. నున్నగా ఉన్నాయి.

“ఆరేళ్ళ క్రితం ఇవి పగిలి నెత్తురొచ్చేవి బాబూ. పెట్టె పట్టుకోలేక కొట్టు మూసేద్దామనుకున్నా. మందు రాసేకొద్దీ మంట ఎక్కువయ్యేది. మీ బాబాయిగారు ఆ ట్యూబు చూసి, సెలవు పెట్టి మరీ చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏది పడట్లేదో చూడ్డానికి వీపు మీద ఏవేవో పట్టీలు వేసి రెండ్రోజులుంచారు. ఒక్కచోటే ఎర్రగా పొంగింది.”

“దేనికి?”

“ఆయన రోజూ కలిపేదానికే! అందరికీ పడుతుందంట, నాలాంటి ఏ కొద్దిమందికో పడదంట. పాపం, దారంతా ఆ ట్యూబు వెనకే చదువుతూ కూర్చున్నారు. దిగేటప్పుడు, ‘అది లేనివేమున్నాయో నేను వెతికిపెడతానమ్మా’ అన్నారు. ఇప్పుడు నాలాంటోళ్ళు ఇంకో నలుగురు వచ్చి ఈ కాగితం చూసుకెళ్తున్నారు.”

అవును, బాబాయి పరాయివాళ్ళ సీసాల మీద పడుతున్నది కూడా ఆరేళ్ళ నుంచే.

సాయంత్రం ఆయన్ని నిలదీశాను. “ఆవిడ కోసమని ముందే చెప్పొచ్చుగా బాబాయ్? ఇంతమందీ నవ్వుతుంటే ఊరుకున్నావా?”

“చెప్తే జాలిపడి, చూడకుండానే ‘మా దాంట్లో అది లేదండీ’ అనేస్తార్రా,” అన్నాడు బాబాయి. “పిచ్చోడనుకున్నారనుకో, పోనీలే చదువుకోనీ అని వదిలేస్తారు.”